ఒంటె కాదు, ఒంటెద్దు

అది 2022, జూలై నెల. షార్జాలో ఎండ ఎలా ఉందంటే, కారు బానెట్ మీద దోసె పోస్తే రెండో వైపు తిప్పే పని లేకుండా కాలేది. నేను పోసి చూశాను. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. నా మాటల విషయంలో మా నెల్లూరు మిత్రులకు ఒక పద్ధతి ఉంది: మస్తాన్ పది చెబితే ఐదు రాసుకుంటారు. అందుకని ముందే చెబుతున్నాను, దోసె సంగతి పక్కన పెడితే ఇక్కడ రాసిందంతా జరిగిందే. చివరి పేరా గురించి మాత్రం చివర్లో మాట్లాడుకుందాం.

నా పని పాత టేపులకు ప్రాణం పోయడం. ఈ దేశానికి వచ్చిన కొత్తలో షార్జా రోలా పేటలో ఒక చిన్న కొట్లో టేప్‌రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. క్యాసెట్లు పోయాయి, తర్వాత సీడీలు పోయాయి, నేను మాత్రం పోలేదు. ఇప్పుడు దుబాయ్ అల్ కూజ్‌లో, గోడౌన్ల మధ్య ఒక స్టూడియోలో రీమాస్టరింగ్ చేస్తుంటాను. రీమాస్టరింగ్ అంటే, ఎప్పుడో చేసిన రికార్డింగును అసలు టేపు నుంచి మళ్లీ తీసి, దుమ్ము దులిపి, కొత్త రికార్డుగా అచ్చు వేయడానికి సిద్ధం చేయడం. ఇందులో ఒకటే నియమం. ముసలాయనకు ముఖం కడగాలి గాని ముక్కు మార్చకూడదు.

ఆ జూలైలో నాదియా అనే జోర్డాన్ అమ్మాయి మా స్టూడియోకి వచ్చింది. డెబ్బయ్యో దశకంలో గల్ఫ్ హోటళ్లలో వాయించిన బ్యాండ్ల పాటలను వెతికి పట్టుకుని మళ్లీ నల్ల రికార్డులుగా తెస్తుంది. కుర్రకారు వాటిని ఎగబడి కొంటున్నారట. నా బల్ల మీద మూడు పాత రికార్డులు పరిచింది. బ్యాండ్ పేరు కోరంగి కింగ్స్. ఆ పేరు చూడగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. కోరంగి అంటే కాకినాడ పక్కన ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఊరు. ఒకప్పుడు ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగిన మనుషుల ఊరు.

"లీడర్ డ్రమ్మరే. మీ భాష మనిషి. షార్జాలోనే ఉంటున్నాడు. యల్లా, కదలండి, మాట్లాడి టేపులు తీసుకురండి మిస్టర్ మస్తాన్" అంది నాదియా.

మూడు రికార్డుల్లో మొదటిది సోల్, అంటే గుండె చించుకుని పాడే పాట. రెండోది రాక్, అక్కడ గిటార్ గొంతు చించుకుంటుంది. మూడోది ఫంక్. ఫంక్‌లో ఎవరూ ఏమీ చించుకోరు. అక్కడ పాట కన్నా నడక ముఖ్యం. డ్రమ్ము, బేస్ గిటార్ కలిసి ఒక నడక నడుస్తుంటాయి, వినేవాడి నడుము దానంతటదే కదలాలి. సేకరించేవాళ్లు ప్రాణం పెట్టేది ఆ మూడో రికార్డుకే. అట్ట మీద పెద్ద ఒంటె బొమ్మ. దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో "ఒంటె" అని పేరు.

డ్రమ్మర్ పేరు జోసెఫ్ రత్నం. అందరూ రత్నం మాస్టారంటారు. ఎనభై దాటిన మనిషి. రోలా దగ్గర పాత బిల్డింగులో మూడో అంతస్తు. కాలింగ్ బెల్ ఉండాల్సిన చోట ఒక నైలాన్ తాడు వేలాడుతోంది. లాగితే లోపల "టంగ్" మని కంచుగంట మోగింది.

తలుపు తీసిన మనిషి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. రెండు చెవులకూ వినికిడి యంత్రాలు. చేతివేళ్లు మాత్రం తలుపు చెక్క మీద ఏదో వాయిస్తూనే ఉన్నాయి.

"ఎవరయ్యా?"

"మస్తాన్ అండీ. నెల్లూరు. టేపుల కోసం వచ్చా."

"నెల్లూరోడివా! రా, కూర్చో. చేపల పులుసు గురించి గొప్పలు మాత్రం చెప్పకు. మా కాకినాడోళ్ల ముందు కుదరవు."

"చెప్పనండీ. గెలిచేసిన పందెం మళ్లీ ఎందుకు కాస్తా?"

ఆయన నవ్వాడు. అంతే, మాకు స్నేహం కుదిరింది.

"గంట బాగుంది మాస్టారూ" అన్నాను.

"కరెంటు బెల్లులు మూడు మార్చాను. మూడూ చచ్చినియ్. ఇది మా నాన్న కాలం నించీ మోగుతా ఉంది."

మంచం కింద నుంచి ఇనప్పెట్టె లాగి, నాఫ్తలీన్ ఉండల మధ్య పడుకున్న మూడు టేపు రీళ్లు బయటికి తీశాడు. మొదటి రెండూ నా చేతికిచ్చి, మూడోది ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ఒంటె సంగతి చెప్తాను, విను. దీని పేరు ఒంటె కాదయ్యా. ఒంటెద్దు. ఒంటెద్దు నడక."

నాకు నవ్వాగలేదు. ఆయనకూ ఆగలేదు.

"మా నాన్నది కాకినాడ రేవులో ఒంటెద్దు బండి. ఒకే ఎద్దు, ఒకే మనిషి, నిండా బస్తాలు. బరువుతో ఉన్న ఎద్దు పరిగెట్టదు, నిలబడదు. ఒక అడుగేసి, కాస్త ఆలోచించి, రెండో అడుగేస్తది. ఆ ఆలోచన ఉంది చూశావూ, అదే నా దెబ్బ. దాని మెడలో గంటే తెచ్చి డ్రమ్ముల స్టాండుకు కట్టుకుని వాయించాను. పేరు పూర్తిగా రాసిచ్చానయ్యా. అచ్చువేసేవాడికి అంత పేరు పట్టలేదు, సగానికి కోశాడు. కోసి, హోటల్ వంటింట్లో ఉన్న మన తెలుగోణ్ణి అడిగాడు, ఒంటె అంటే ఏంటని. వాడు ‘జమల్’ అని చెప్పి ఉల్లిపాయలు తరుక్కున్నాడు. తెల్లారేసరికి అట్ట మీద ఒంటె!"

"వాడి తప్పేముంది మాస్టారూ, అడిగినదానికి సరిగ్గానే చెప్పాడు."

"బొమ్మ పోతే పోయింది. వేగం చెడిపోయిందయ్యా. రికార్డు వచ్చాక వింటే నా ఎద్దు పరిగెడతంది! నేను అంత వేగంగా ఎప్పుడూ వాయించలేదు. పత్రికవాళ్లు ఒంటెతో మాకు ఫొటో తీసిన రోజు దాని ముందు ఆ రికార్డు పెడితే, అది వెనక్కి తిరిగి నిలబడింది. ఒంటెక్కూడా నచ్చలేదు. నలభై ఏళ్ల పైన చెప్తన్నాను. ఒక్కడు నమ్మితే ఒట్టు. నువ్వు నా ఎద్దును నడిపించాలి."

ఆ రీలు నా చేతిలో పెట్టాడు. ఎద్దు మెడలో గంట సంగతి, తలుపు గంట సంగతి రెండూ ఒకే గంటలో విన్నాను. ఆ రెండు గంటలూ ఒకటేనని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

పాత టేపును తేగానే మెషీన్ మీద ఎక్కించకూడదు. తేమ పీల్చుకుని బంకలా అయి ఉంటుంది. తిప్పితే పాట ఊడి మెషీన్‌కు అంటుకుంటుంది. అందుకే ముందు తక్కువ వేడి మీద కొన్ని గంటలు ఆరబెడతాం. దీన్ని బేకింగ్ అంటారు. నేను దీనికి పళ్లు ఎండబెట్టే పెట్టె వాడతాను. చూడటానికొచ్చినవాళ్లు అడిగితే లోపల మా అమ్మ పెట్టిన వడియాలున్నాయని చెబుతాను. ఒకాయన రెండు వేయించి పెట్టమన్నాడు.

మొదటి రెండు టేపులూ బంగారంలా వచ్చాయి. మూడోది ఎక్కించాను. మొదటి దెబ్బకే కుర్చీ ముందుకు లాక్కున్నాను. పాత నల్ల రికార్డులో దుప్పటి కప్పుకున్నట్టు వినిపించేది ఇక్కడ నా ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టుంది. బేస్ గిటార్ కడుపులో మోగుతోంది. ఆర్గన్ వేడి వేడి పాకంలా పారుతోంది. అన్నిటి మీదా ఆ గంట: టంగ్, ట టంగ్. లేచి ఒక్కణ్ణే గంతులేశాను. పక్క గోడౌన్‌లో టైర్లు అమ్మే పఠాన్ తలుపు తోసి చూసి, "సబ్ ఠీక్?" అని అడిగి, ఠీక్ కాదని తనే తేల్చుకుని వెళ్లిపోయాడు.

తర్వాత వేగం సంగతి చూశాను. ప్రతి పాత రికార్డింగు అడుగునా ఒక సన్నని గొణుగుడు ఉంటుంది. అది కరెంటుది. మేం హమ్ అంటాం. ఇక్కడ కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది, కాబట్టి హమ్ కూడా యాభై దగ్గరే ఉండాలి. టేపు ఉండాల్సిన దానికన్నా వేగంగా తిరుగుతుంటే ఆ అంకె పైకి జరుగుతుంది, నెమ్మదిగా తిరుగుతుంటే కిందికి దిగుతుంది. మా వృత్తిలో హమ్‌ను మించిన సాక్షి లేడు.

రత్నం మాస్టారి టేపులో హమ్ సరిగ్గా యాభై. అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా లేదు.

మాస్టారిని స్టూడియోకి పిలిచి తెర మీద ఆ గీత చూపించాను. అప్పుడు నేను మాట్లాడిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"చూడండి మాస్టారూ. టేపు వేగం సరిగ్గానే ఉంది. మనుషులు మరిచిపోతారు గాని హమ్ అబద్ధం చెప్పదు."

"అంటే నేను చెప్తన్నానా?"

"అట్టా అనలేదండీ. వయసులో ఉన్నప్పుడు చెయ్యి కాస్త జోరుగా ఆడుంటుంది. మీకు తెలిసుండదు."

ఆయన టీ ముట్టలేదు. చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. బల్ల మీద ఆడుతుండే ఆ వేళ్లు మొదటిసారి ఆగిపోయాయి.

గుమ్మం దగ్గర మాత్రం వెనక్కి తిరిగాడు. "ఆ మూడోదానికి సంతకం పెట్టనయ్యా. పెడితే ఆ పరుగు నాదేనని ఒప్పుకున్నట్టు. బయటికి రాకపోతే మానె."

నాదియా తల పట్టుకుంది. ఆయన సంతకం లేకుండా రికార్డు వేయడానికి లేదు. పరాయి దేశంలో అచ్చు పళ్లెం చెక్కే ఇంజినీరుకు ఫైలు గురువారానికి అందాలి. తప్పితే మళ్లీ ఎప్పటికి వంతు వస్తుందో తెలియదు. ఎనభై దాటిన మనిషి కోసం ఎంతకాలం వాయిదా వేస్తాం?

"ఆయన చెవులకు యంత్రాలున్నాయి మిస్టర్ మస్తాన్. మీ మెషీన్ మాట నమ్మాలా, ఆ యంత్రాల మాట నమ్మాలా? పైగా జనానికి ఆ వేగమే ఇష్టం. ఒంటె పందెంలా ఉంటుందంటారు."

"అది ఒంటె కాదు మేడం, ఎద్దు."

"ఏ ఎద్దు?"

చెప్పాను. పూర్తిగా విని, "ఈసారి సగం తీసేయమంటారా, ముప్పావు తీసేయమంటారా?" అంది. నా కీర్తి అరబ్బుల దాకా పాకిందని అప్పుడే తెలిసింది.

ఇంకో సాక్షి కూడా దొరికాడు. బ్యాండ్‌లో ఆర్గన్, అంటే కరెంటు హార్మోనియం లాంటిది, వాయించిన టోనీ అంకుల్. గోవాలో ఉంటాడు. రత్నం మాస్టారితో ఏళ్ల తరబడి ఒకే గదిలో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. గోవా నోట్లో గోదావరి తెలుగు. ఫోన్ చేశాను.

"నా ఆర్గన్ రికార్డులో సుబ్బరంగా శ్రుతిలో ఉంది అబ్బాయ్. కావాలంటే పియానో పెట్టి చూసుకో. టేపు వేగంగా ఉంటే ఆర్గన్ శ్రుతి పైకి పోవాలా వద్దా? రత్నం గాడికి చెవులు పోయినియ్ గాని కోతలు పోలేదు. ప్రతి క్రిస్మస్‌కీ ఫోన్ చేసి ఇదే గొడవ!"

సరిచూశాను. నిజమే. ఆర్గన్ శ్రుతి కూడా సరిగ్గా ఉంది. ఇక సందేహం ఏముంది?

బుధవారం మధ్యాహ్నం ఒప్పంద కాగితం పట్టుకుని రోలా బయల్దేరాను. ఎట్లాగోలా బతిమాలి సంతకం చేయించుకురమ్మని నాదియా పంపింది. మూడంతస్తులు ఎక్కేలోపు మూడు రకాల అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. మూడూ బాగున్నాయి. ఏది వాడదామా అని ఆలోచిస్తూ తాడు లాగాను.

టంగ్.

చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. మళ్లీ లాగాను. టంగ్. మూడోసారి. నాలుగోసారి. మూడు వారాలుగా రోజూ వింటున్న గంట అది. నా నిద్రలో కూడా మోగుతున్న గంట. అదే గొంతు, అదే తోక, చివర్లో అదే చిన్న వణుకు. కాని ఇక్కడ కింద ఉంది! టేపులో ఇంతకన్నా పైన మోగుతుంది!

తలుపు తెరుచుకుంది.

"చెవిటోణ్ణే గాని చచ్చిపోలేదయ్యా! ఎన్నిసార్లు లాగుతావ్?"

"మాస్టారూ, ఈ గంట… ఎద్దు మెడలో గంటేనా? రికార్డులో వాయించింది ఇదేనా?"

"మరి? మా నాన్న కాలందని మొదటి రోజే చెప్పాను కదా. ఎన్ని గంటలుంటాయేంటి ఒక ఎద్దుకి?"

సంగతి ఇది. మనిషి వయసుతో మారతాడు. చర్మం వాయిద్యం ఎండకీ చలికీ మారుతుంది. తీగ సడలుతుంది. కంచు మాత్రం పోత పోసిన రోజు ఏ స్వరం పలికిందో ఇవాళా అదే పలుకుతుంది. ఆ గంట టేపులో ఒక స్వరం, తలుపు దగ్గర ఇంకో స్వరం పలుకుతోందంటే ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. గంటకు ఆ అవసరం లేదు.

"మాస్టారూ, చెప్పులేసుకోండి. గంట విప్పండి."

"ఎందుకయ్యా?"

"దారిలో చెప్తా. యల్లా!"

స్టూలెక్కి ఆయనే విప్పాడు. గంటను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చున్నాడు. షార్జా నుంచి అల్ కూజ్‌కు ఆ ట్రాఫిక్‌లో పన్నెండు నిమిషాల్లో చేరాను. సరే, సగం తీసేయాలంటారు కదా, ఇక్కడ మాత్రం రెండింతలు చేసి, పైన ఇంకో అరగంట వేసుకోండి.

స్టూడియోలో గంటను స్టాండుకు కట్టి, మాస్టారి చేతికి డ్రమ్ము పుల్ల ఇచ్చి కొట్టమన్నాను. తెర మీద రెండు గీతలు పక్కపక్కన లేచాయి. టేపులో గంట అసలు గంట కన్నా నూటికి నాలుగు వంతులు పైన ఉంది. సంగీతం భాషలో అర స్వరానికి కాస్త తక్కువ. ఎద్దు పరిగెట్టడానికి అది చాలు.

"నేను చెప్పలా!" అని మాస్టారు పుల్లతో బల్ల మీద కొట్టాడు.

"చెప్పారు. కాని హమ్ యాభై ఎట్టా చూపిస్తుంది? ఆర్గన్ శ్రుతిలో ఎట్టా ఉంది?" జుట్టు పీక్కున్నాను. హమ్, ఆర్గన్, గంట, ముగ్గురూ ఒకే గదిలో, ఒకే రోజు రికార్డయ్యారు. ఇద్దరు టేపు వేగం సరైనదంటారు. ఒకరు కాదంటారు. అందరూ నిజం చెప్పేవాళ్లే.

మాస్టారు నా తిప్పలు చూసి నవ్వుతూ అన్నాడు, "మొదటి రెండూ హోటల్లోనే రికార్డు చేశామయ్యా, సుబ్బరంగా. ఈ మూడోదానికే ఊరి బయట విల్లా తీసుకున్నారు. ఏం సుఖం! ఏసీ వేస్తే లైట్లు మసకేసేవి. ఆపితే చెమట. మేం వేసే ఉంచేవాళ్లం."

"లైట్లెందుకు మసకేసేవి? కరెంటు ఎక్కణ్ణించొచ్చేది?"

"కరెంటా? అక్కడికింకా లైను రాలేదు. పెరట్లో జనరేటరు. గుర్రు గుర్రుమని, అది కూడా ముసిలిదే."

నేను కుర్చీలోంచి లేచాను. లేవలేదు, ఎగిరాను. సీలింగ్ ఫ్యాన్ లేదు కాబట్టి బతికాను.

అర్థమైందా? బరువు పడ్డ జనరేటర్ యాభైసార్లకు బదులు నలభై ఎనిమిది సార్లే ఊగింది. ఆనాటి రికార్డర్‌లో మోటారు కరెంటు ఊపును బట్టి తిరిగే రకం. అది కూడా ఆ మేరకు నెమ్మదించింది. టోనీ అంకుల్ ఆర్గన్ లోపల చక్రాలు తిప్పేదీ అలాంటి మోటారే. అందుకే ఆర్గన్ స్వరం దిగింది. హమ్ కూడా దిగింది. నెమ్మదిగా తిరిగిన టేపు మీద ఆ ఇద్దరూ కలిసి ఎక్కారు. తర్వాత ఆ టేపును మంచి కరెంటు మీద తిప్పితే ఇద్దరూ కలిసే పైకి లేచారు. హమ్ యాభైకి చేరింది, ఆర్గన్ శ్రుతిలో పడింది. చూసేవాడికి తప్పే కనిపించదు. ఆ గదిలో గోడకు ప్లగ్గు పెట్టుకోకుండా, ఆర్గన్ శ్రుతికీ లొంగకుండా ఉన్నవి రెండే రెండు. ఒకటి ఎద్దు గంట. రెండోది రత్నం మాస్టారి చేతులు. ముందే సరిగ్గా ఉన్న ఆ రెండూ కూడా పైకి లేచాయి. అదే పరుగు.

టోనీ అంకుల్‌కి ఫోన్ చేసి స్పీకర్ మీద పెట్టాను. జనరేటర్ సంగతంతా చెప్పాను.

"ఆర్గన్ కూడా దిగిపోయిందంటావా?" అన్నాడు.

"గుర్తు చేసుకోండి అంకుల్. ఆ రోజు ట్రంపెట్ మీతో శ్రుతి కలిసిందా?"

"అయ్యయ్యో! కలవలేదురా! నా ఆర్గన్ కింద ఉందని ఆ ట్రంపెట్టోడు గొట్టం బయటికి లాగుతానే ఉన్నాడు, లాగుతానే ఉన్నాడు… ఊడి కాళ్ల మీద పడింది! వాడిదే తప్పనుకుని తిట్టాను!"

గొట్టం బయటికి లాగితే ట్రంపెట్ స్వరం దిగుతుంది. నాకింకో సాక్షి దొరికాడు.

"టోనీ," అన్నాడు మాస్టారు ఫోన్ దగ్గరికి వంగి, "ఈ క్రిస్మస్‌కి ఫోన్ నువ్వే చెయ్యాలి. ఖర్చు నీదే."

"చేస్తానురా ముసిలోడా. ముందు ఆ ఎద్దును నడిపించు, వింటాను."

నాదియా వచ్చేసరికి టేపు వేగం ఆ నాలుగు వంతులూ తగ్గించి సిద్ధంగా ఉంచాను. ముందు మాస్టారి చేత గంట కొట్టించాను. తర్వాత టేపు వదిలాను. టంగ్. గంటా గంటా ఒకే గొంతుతో పలికాయి. నాదియా ఒకసారి గంట వైపు, ఒకసారి స్పీకర్ వైపు చూసి, "ఖలాస్" అంది. ఇంక వాదన లేదని.

అప్పుడు పాట మొత్తం పెట్టాను. ఏమని చెప్పను! అన్ని రోజులూ విన్న పాటే, ఎన్నడూ వినని పాటలా ఉంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య చోటు వచ్చింది. ఆ చోటులో బేస్ ఊపిరి తీసుకుంటోంది. ఒక అడుగు పడింది, కాస్త ఆలోచన, రెండో అడుగు పడింది. నిండా బస్తాలతో, తొందర లేకుండా, ఎవరికీ దారి ఇవ్వకుండా ఒక ఎద్దు మా గదిలోంచి నడిచి వెళ్తోంది. నాదియా నడుము కదిలింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. పఠాన్ మళ్లీ తలుపు తోశాడు. ఈసారి ఏమీ అడగలేదు. లోపలికొచ్చి నిలబడ్డాడు.

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. బల్ల మీద వేళ్లు కదిలాయి. ఎడమ పాదం నేల మీద నడుస్తోంది. పాట సగంలో, బండివాళ్లు ఎద్దును అదిలించే తీరున నాలుకతో "చ్చొ చ్చొ" అన్నాడు. ఆశ్చర్యం ఏమిటంటే అదే క్షణాన టేపులో కూడా, గంట వెనక ఎక్కడో, ఒక పడుచు గొంతు "చ్చొ చ్చొ" అంది. మూడు వారాలు విని అదేదో గీరుడు శబ్దమనుకున్నాను. శుభ్రం చేసేద్దామని గుర్తు కూడా పెట్టుకున్నాను. ఆ గుర్తును చెరిపేశాను.

పాట అయిపోయాక ఆయన కళ్లు తెరిచి, "కాగితం ఏదయ్యా?" అన్నాడు.

సంతకం పెట్టాడు. పెట్టి, "ఒక్క తప్పుంది" అన్నాడు.

"ఏంది మాస్టారూ?"

"ట్రంపెట్టోడు ఇప్పుడు కూడా శ్రుతి తప్పే ఉన్నాడు. అంతా జనరేటరు మీదకి తోసెయ్యకండి."

కొత్త అట్ట మీద ఒంటెను తీసేస్తానంది నాదియా. మాస్టారు ఒప్పుకోలేదు. "పాపం అదేం చేసింది? ఇన్నేళ్లు నా పాట మోసింది. ఉండనివ్వండి. పక్కన ఎద్దును కూడా నిలబెట్టండి, చాలు." అలాగే వచ్చింది. పేరు కూడా ఈసారి పూర్తిగా, తెలుగు అక్షరాల్లోనే వేశారు. వాయిద్యకారుల పట్టికలో చివరి వరుస నేనే రాయించాను: గంట, రత్నం గారి ఎద్దు.

ఫైలు గురువారం వెళ్లింది. రోలాలో ఆ తలుపుకు గంట మళ్లీ కట్టాం.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే అది నిజమని తొందరపడకూడదు. ఇద్దరూ ఏ గోడకు ప్లగ్గు పెట్టుకున్నారో ముందు చూడాలి. ఒకే కుండలో తిన్నవాళ్లు ఎందరైనా సాక్ష్యం ఒకటే. ఇప్పుడు ఎవరు పాత టేపు తెచ్చినా, ఎవరి పాట, ఏ సంవత్సరం అని అడిగే ముందు ఒక ప్రశ్న వేస్తాను: ఆ రోజు కరెంటు ఎక్కణ్ణించి వచ్చింది? నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. చూడనీ. ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. కోతలరాయుడని పేరుపడ్డ మనిషి ఒకే కోతను నలభై ఏళ్లు, ఒక్క ముక్క మార్చకుండా చెబుతున్నాడంటే, అది కోత కాదు. ఈ విద్యలో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు. మేం ఏ కథనూ రెండోసారి ఒకేలా చెప్పం.

ఇక చివరి పేరా. రికార్డు చేతికొచ్చాక, ఒంటెలు మేపే చోటికి ఒక శుక్రవారం మాస్టారిని తీసుకెళ్లాను. ముందు పాత వేగంలో పాట పెట్టాం. ఒంటెలు వెనక్కి తిరిగి నిలబడ్డాయి. తర్వాత కొత్త రికార్డు పెట్టాం. ఇటు తిరిగి, దెబ్బకొకసారి చొప్పున తలూపాయి. మస్తాన్ మాటల్లో సగం తీసేసేవాళ్లకు శ్రమ లేకుండా నేనే తీసేసి చెబుతున్నాను: అక్కడున్నవి రెండు ఒంటెలు. ఒకటి తలూపింది.